బడ్జెట్‌లో కోత పడితే విశ్వవిద్యాలయ ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో మీకు లెక్చరర్‌షిప్ అర్హత వచ్చింది, పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ రాలేదు. ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కేంద్ర నిధులతో నడిచే మూడేళ్ల ప్రాజెక్టులో చేరి, అక్కడే పీహెచ్‌డీకి నమోదు చేసుకోమని ఆచార్యులు పిలిచారు. పరిశోధన నిధులకు కోత అన్న వార్తలు చూసి ఇంట్లో వాళ్లు వెనకాడుతున్నారు. డబ్బు మధ్యలో ఆగిపోతే మీ పరిస్థితి ఏమిటి, అమెరికా వెళ్తే ఈ బెడద ఉండదా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. మంజూరైన ప్రాజెక్టు బడ్జెట్ కోత వల్ల రద్దు కావడం మన దేశంలో అరుదు. డబ్బు ఆలస్యంగా రావడం, తగ్గి రావడం, ఒక పద్దు కింద వచ్చి మరో పద్దు కింద రాకపోవడం మాత్రం మామూలే. ఆ ఆలస్యం దెబ్బ అందరికంటే ముందు తగిలేది ప్రాజెక్టు నుంచి జీతం తీసుకునే మీలాంటి వారికి. ఆచార్యుల జీతం విశ్వవిద్యాలయం ఇస్తుంది, అది ఎలాగోలా వస్తుంది. మీది ప్రాజెక్టు ఖాతాలో డబ్బు ఉంటేనే వస్తుంది. అందుకే ప్రాజెక్టు ఎన్ని లక్షలదని అడగడం కంటే, ఆ ప్రయోగశాల గతంలో ఆలస్యాలను ఎలా దాటిందో తెలుసుకోవడం మీకు ఎక్కువ ఉపయోగం.

నేను జీవరసాయన శాస్త్రం బోధిస్తూ ఇరవై రెండేళ్లలో ఆరు ప్రాజెక్టులు నడిపాను. ఆరింటిలో అనుకున్న తేదీలకు అన్ని వాయిదాలూ అందినది ఒక్కటే. మిగతా ఐదూ పూర్తయ్యాయి, కానీ ఒక్కోదానికి ఒక్కో మూల్యం చెల్లించాం.

కోత ఎక్కడ పడుతుందో ముందు తెలియాలి. ఫిబ్రవరి 1న పత్రికల్లో వచ్చే అంకెలు బడ్జెట్ అంచనాలు మాత్రమే. ఏడాది గడిచాక, తర్వాతి బడ్జెట్‌తో పాటు సవరించిన అంచనాలు వస్తాయి. అసలు సంగతి ఆ రెండో అంకెలో ఉంటుంది, దాన్ని చూసేవారు తక్కువ. 2023-24లో జాతీయ పరిశోధన సంస్థ (ఇప్పటి ఏఎన్‌ఆర్‌ఎఫ్) కోసం 2,000 కోట్లు కేటాయించారు. సవరించిన అంచనాల్లో అది సుమారు 258 కోట్లకు దిగింది. ఆ సంస్థకు సంబంధించిన చట్టం 2023లో వచ్చినా 2024 ఫిబ్రవరిలో గానీ అమల్లోకి రాలేదు కాబట్టి, డబ్బు ఖర్చు కాకపోవడానికి ఒక కారణం ఉంది. అయినా ఆ ఏడాది దరఖాస్తు చేసుకుని ఎదురుచూసిన యువ అధ్యాపకుడికి కారణం ఏదైతేనేం, చేతికి డబ్బు రాలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. 2024-25 బడ్జెట్‌లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం యూజీసీకి కేటాయింపు అంతకుముందు ఏడాది సవరించిన 6,409 కోట్ల నుంచి 2,500 కోట్లకు పడిపోయింది. 61 శాతం కోత అని అన్ని పత్రికలూ రాశాయి. అదే ఏడాది కేంద్రీయ విశ్వవిద్యాలయాల పద్దు దాదాపు 4,000 కోట్లు పెరిగింది. అంటే కోతగా కనిపించిన దానిలో పెద్ద భాగం ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మారిన డబ్బు. పెరుగుదల వార్తలనూ ఇలాగే చూడాలి. 2025-26లో శాస్త్ర సాంకేతిక విభాగం కేటాయింపు ఒక్కసారిగా 28,000 కోట్లు దాటింది. అందులో 20,000 కోట్లు ప్రైవేటు రంగ పరిశోధనకు తక్కువ వడ్డీ రుణాలు, పెట్టుబడులు ఇచ్చే కొత్త నిధికి వెళ్లాయి. ఆ పథకం మంచిదే కావచ్చు. కానీ మీరు చేరబోయే ప్రయోగశాలకు ఎంజైములు కొనడానికి అందులోంచి రూపాయి రాదు.

మొత్తం మీద చూస్తే, పరిశోధన మీద మన దేశం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. ఇది 2020-21 లెక్క. అప్పటికే చైనా 2.4 శాతం దాకా పెట్టింది. మన 0.64 శాతంలోనూ ఉన్నత విద్యాసంస్థల వాటా తొమ్మిది శాతం కూడా లేదు. ఇంత సన్నటి ధార మీద చిన్న కోత పడినా చివర ఉన్నవాడి దాకా నీరు పారదు. చివర ఉన్నది రాష్ట్ర విశ్వవిద్యాలయాలే. ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు ముందు పరిశోధన ప్రాజెక్టులు ఇచ్చిన ఎస్‌ఈఆర్‌బీ నిధుల్లో సుమారు 65 శాతం ఐఐటీలకు, 11 శాతం రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వెళ్తున్నాయని 2023లో కేంద్ర అధికారులే చెప్పారు. ఈ అసమానతను సరిదిద్దడం కొత్త సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ పెట్టుకున్న ఆశయాల్లో ఒకటి. అయిదేళ్లలో 50,000 కోట్లన్నారు. అందులో ప్రభుత్వం నేరుగా ఇచ్చేది 14,000 కోట్లు, మిగతాది పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. ఆ భాగం ఎంత వస్తుందన్న దాని మీదే మా బోటి వాళ్ల ఆశ ఆధారపడి ఉంది.

ఇప్పుడు డబ్బు నడిచే దారి చూద్దాం. మీ జీతం ఎందుకు ఆగుతుందో అక్కడే తెలుస్తుంది.

ప్రాజెక్టు మంజూరు ఉత్తర్వులో మూడేళ్ల మొత్తం ఉంటుంది. దాన్ని చూసి అందరం సంతోషిస్తాం. కానీ విడుదలయ్యేది ఏడాదికి ఒక వాయిదా. మొదటి వాయిదాలో పరికరాల డబ్బు, కొంత జీతాలు, రసాయనాల డబ్బు వస్తాయి. రెండో వాయిదా రావాలంటే మొదటిది ఎలా ఖర్చు చేశామో వినియోగ ధ్రువపత్రం పంపాలి. అందరూ యూసీ అనే కాగితం అదే. దాని మీద ప్రాజెక్టు నడిపే పీఐ, ఫైనాన్స్ ఆఫీసర్, రిజిస్ట్రార్ సంతకాలు పడాలి. మార్చి 31తో లెక్క ముగుస్తుంది. కాగితాలు ఢిల్లీ చేరేసరికి జూన్, జులై అవుతుంది. అక్కడ నిధులు పుష్కలంగా ఉంటే రెండు నెలల్లో విడుదల చేస్తారు. కోత పడిన ఏడాది అదే ఫైలుకు ఒక్కో సందేహం లేవనెత్తుతూ నెలలు గడుస్తాయి. ఎవరూ ప్రాజెక్టు రద్దయిందని చెప్పరు. పరిశీలనలో ఉందంటారు.

నా మూడో ప్రాజెక్టులో ఇదే జరిగింది. రెండో వాయిదా పదకొండు నెలలు ఆలస్యమైంది. నా దగ్గర పని చేస్తున్న అబ్బాయికి నాలుగు నెలలు విశ్వవిద్యాలయం నుంచి అడ్వాన్సు ఇప్పించగలిగాను. ఆ తర్వాత ఏడు నెలలు అతనికి ఏమీ అందలేదు. తండ్రి కౌలు రైతు. హాస్టల్ మెస్ బిల్లు బకాయి పడింది. పరీక్ష రాయనివ్వరేమోనని భయపడుతూ తిరిగాడు. చివరకు హైదరాబాద్ శివార్లలో ఒక ఔషధ కంపెనీలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. వెళ్లేముందు క్షమించమని అడిగాడు. నేనే అతన్ని క్షమాపణ అడగవలసింది. అతను పెంచుతున్న కణాల వరుస (సెల్ లైన్) పదిహేను నెలల శ్రమ. కొత్త విద్యార్థి వచ్చి నేర్చుకునేలోపు అది చేజారిపోయింది. అతను వెళ్లాక రెండో వాయిదా పూర్తిగా, పైసా తగ్గకుండా వచ్చింది. కాగితం మీద ఆ ప్రాజెక్టుకు కోతే పడలేదు.

పరిశోధనలో ఆలస్యం కూడా కోతే అని నేను గట్టిగా చెప్పేది అందుకే. రోడ్డు పని ఆరు నెలలు ఆగితే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ నిర్వహణ ఒప్పందం పొడిగించడానికి డబ్బు లేక, అది వేసవిలో ఒక్క రాత్రి ఆగిపోతే, అందులోని నమూనాలు మళ్లీ రావు. ఎంజైములకు గడువు ఉంటుంది. జంతువుల మీద ప్రయోగాలకు ఇచ్చిన నైతిక అనుమతికి గడువు ఉంటుంది. పొలం మీద చేసే పనికి ఒక పంటకాలం తప్పితే ఏడాది తప్పినట్టే. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉన్న మిత్రులు ఖరీఫ్‌కు రావలసిన డబ్బు దీపావళికి వచ్చిందని చెప్పుకుని బాధపడడం ఎన్నోసార్లు విన్నాను.

దీనికి తోడు గత కొన్నేళ్లలో డబ్బు ఇచ్చే పద్ధతి మారింది. ఇదివరకు వాయిదా మొత్తం విశ్వవిద్యాలయం ఖాతాలో పడేది. ఇప్పుడు చాలా పథకాల్లో శూన్య నిల్వ ఖాతా పద్ధతి వచ్చింది. డబ్బు ప్రభుత్వ ఖజానాలోనే ఉంటుంది, మనకు ఖర్చు పరిమితి మాత్రం ఇస్తారు. ఖర్చు చేయనిది మార్చి 31న మాయమవుతుంది. ప్రజాధనం బ్యాంకుల్లో ఊరికే పడి ఉండకూడదన్న ఉద్దేశం న్యాయమైనదే, దాన్ని నేను తప్పుపట్టను. చిక్కల్లా పరిమితి ఫిబ్రవరి చివర వచ్చినప్పుడు. ఖరీదైన పరికరానికి బహిరంగ టెండరు పిలవాలి, సాధారణంగా మూడు వారాల గడువు ఇవ్వాలి. ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో అది దొరకదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. విదేశం నుంచి రావలసినదైతే ఓడ ఎక్కి దిగేసరికి రెండు మూడు నెలలు. ముప్పై అయిదు రోజుల్లో ఇవన్నీ ఎవరివల్లా కాదు. మా విభాగంలో ఒకసారి పద్దెనిమిది లక్షలు అలా వెనక్కి పోయాయి. మరుసటి ఏడాది అడిగితే, గతేడాది ఇచ్చింది మీరు వాడుకోలేదు కదా అన్నారు. 2025 జూన్‌లో కేంద్రం తన శాస్త్ర, విద్యాసంస్థలకు కొనుగోలు నిబంధనలు సడలించి, కొటేషన్లు లేకుండా కొనగల పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు పెంచింది. చిన్న వస్తువులకు ఇది నిజమైన ఊరట.

బడ్జెట్ పత్రాల్లో ఎక్కడా కనిపించని కోతలు ఇంకొన్ని ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే పరిశోధన సంస్థలకు శాస్త్ర పరికరాల మీద 5 శాతం జీఎస్టీ ఉండేది. 2022 జులై 18 నుంచి ఆ రాయితీ తీసేశారు, చాలా పరికరాలకు 18 శాతం అయింది. 40 లక్షల పరికరం తీసుకోండి. పాత లెక్కలో పన్ను 2 లక్షలు, కొత్త లెక్కలో 7 లక్షల 20 వేలు. అప్పటికే మంజూరైన ప్రాజెక్టుల్లో ఈ తేడా 5 లక్షల 20 వేలు ఎవరిస్తారు? మాకు ఎవరూ ఇవ్వలేదు. రసాయనాల పద్దులోంచి సర్దుకోమన్నారు. అప్పటి జేఆర్‌ఎఫ్ నెలకు 31,000, ఏడాదికి 3 లక్షల 72 వేలు. అంటే ఒక విద్యార్థి ఏడాది జీతం కంటే ఎక్కువ మొత్తం పన్ను కింద తిరిగి ప్రభుత్వానికే చేరింది. పరిశోధన గ్రాంట్ల మీదే జీఎస్టీ కట్టమని కొన్ని పేరున్న సంస్థలకు నోటీసులు కూడా వచ్చాయి. 2024 సెప్టెంబరులో జీఎస్టీ మండలి వాటిని మినహాయించడంతో ఆ గండం గడిచింది.

రూపాయి విలువ కూడా అంతే. 2017లో డాలరు 65 రూపాయల దగ్గర ఉండేది, 2023 నాటికి 83 అయింది. మేము వాడే యాంటీబాడీలు, ఎంజైములు ఎక్కువగా దిగుమతి సరుకు. ప్రాజెక్టుకు అదే మొత్తం ఇచ్చారంటే అయిదో వంతుకు పైగా తక్కువ ఇచ్చినట్టే. జేఆర్‌ఎఫ్‌ను 2023 జనవరి నుంచి 37,000కు పెంచడం పూర్తిగా న్యాయం, ఇంకా పెంచినా తప్పులేదు. కానీ నడుస్తున్న మా ప్రాజెక్టు మొత్తం మాత్రం పెరగలేదు. పెంచిన జీతం ఇవ్వడానికి మూడో ఏడాది ఒక పోస్టు వదులుకున్నాం.

ఇదంతా కేంద్రం సంగతి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా చూడాలి. విశ్వవిద్యాలయం నడవడానికి రాష్ట్రం మొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంటు తగ్గితే, కేంద్రం నుంచి వచ్చిన ప్రాజెక్టు కూడా కుంటుతుంది. బ్లాక్ గ్రాంటులో అధిక భాగం జీతాలకు, పింఛన్లకే సరిపోతుంది. అధ్యాపకులు రిటైరవుతుంటే ఆ ఖాళీలు ఏళ్ల తరబడి నిండవు. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఇదే కథ. ప్రయోగశాల సహాయకుడు లేడు, జనరేటర్‌కు డీజిల్ లేదు, గ్రంథాలయంలో పత్రికల చందా ఆగిపోయింది. ప్రాజెక్టు అడగడానికి అర్హులైన శాశ్వత అధ్యాపకులే విభాగంలో ఇద్దరు మిగిలితే, ఆ విభాగానికి ఎన్ని ప్రాజెక్టులు వస్తాయి? రాష్ట్రం మిగిల్చుకున్న రూపాయి వల్ల కేంద్రం నుంచి రాగల రెండు రూపాయలు పోతున్నాయని ఎన్నో సమావేశాల్లో మొత్తుకున్నాను. ఇదివరకు కొత్తగా చేరిన అధ్యాపకుడికి యూజీసీ ఇచ్చే చిన్న ప్రాజెక్టు మొదటి మెట్టుగా ఉండేది. చాలా ఏళ్లుగా ఆ పిలుపు రావడం లేదు. ఆ మెట్టు లేకుండా నేరుగా పెద్ద ప్రాజెక్టులో ఐఐటీ ఆచార్యులతో పోటీ పడమంటే ఎలా?

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ప్రతి ఆలస్యానికీ ఢిల్లీనే కారణం కాదు. నా అయిదో ప్రాజెక్టులో నాలుగు నెలల ఆలస్యం మా పరిపాలన భవనంలోనే జరిగింది. ఆడిట్ చేసిన లెక్కల కాగితం ఒక బల్ల మీద అలాగే ఉండిపోయింది. ఇంకోసారి తప్పు నాదే. ఖర్చు పద్దులు మార్చుకోవడానికి ముందస్తు అనుమతి తీసుకోకుండా కొన్నాను, వివరణలకే సగం ఏడాది పోయింది. కోత పడిన ఏడాది ఇలాంటి చిన్న పొరపాట్లు ఆపడానికి సాకులవుతాయి. కాగితాలు సరిగా ఉన్న ప్రయోగశాలకు ముందు డబ్బు వస్తుంది.

అమెరికా గురించి. అక్కడ డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువ, విడుదల సాధారణంగా సక్రమం. కానీ కోత పడినప్పుడు అది దాక్కోదు, నేరుగా తగులుతుంది. 2013లో అన్ని శాఖలకూ ఒకేసారి కోత పెట్టినప్పుడు వారి జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ 5 శాతం, అంటే 155 కోట్ల డాలర్లు కోల్పోయింది. ఆ ఏడాది కొత్త గ్రాంట్లు సుమారు 700 తగ్గాయి. 2025 ఫిబ్రవరిలో అదే సంస్థ పరోక్ష ఖర్చులకు 15 శాతమే ఇస్తామని ప్రకటించింది. విశ్వవిద్యాలయాల సగటు అప్పటికి 27, 28 శాతం, కొన్నింటికి యాభై పైనే. భవనాలు, కరెంటు, ప్రయోగ జంతువుల శాల, కార్యాలయ సిబ్బంది నడిచేది ఆ డబ్బుతోనే. న్యాయస్థానం దాన్ని నిలిపివేసింది. ఎన్‌ఐహెచ్‌కు సుమారు 40 శాతం, జాతీయ సైన్స్ ఫౌండేషన్‌కు సగానికి పైగా కోత పెట్టాలన్న ప్రభుత్వ 2026 బడ్జెట్ ప్రతిపాదనను అక్కడి చట్టసభ ఒప్పుకోలేదు. అయినా 2025లో ఎన్నో విభాగాలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, కొన్ని చోట్ల ఇచ్చిన ప్రవేశాలనే వెనక్కి తీసుకున్నారు. మన తెలుగు పిల్లలు కొందరు ఆ ఏడాది ఎంత నలిగిపోయారో నాకు వచ్చిన ఫోన్లే చెబుతాయి. చట్టం చివరకు మీ పక్షాన నిలిచినా, భయంతో మూసిన సీటు ఆ ఏడాదికి తెరుచుకోదు. వెళ్లాలనుకుంటే వెళ్లండి. ప్రవేశపత్రంలో ఎన్నేళ్లకు ఆర్థిక హామీ ఉందో, అది విభాగం ఇస్తున్న హామీయా, ఒక్క ఆచార్యుడి గ్రాంటు మీద ఆధారపడినదా అన్నది చదివి వెళ్లండి.

ఇక మీరు చేయవలసింది. పీహెచ్‌డీకి అయిదేళ్లు పడుతుంది, ప్రాజెక్టు మూడేళ్లది. కోత లేకపోయినా చివరి రెండేళ్లకు డబ్బు లేదు. ఇది మీ ప్రశ్నలో లేదు కానీ అన్నిటికంటే ముఖ్యం. అందుకే చేరిన మొదటి ఏడాదిలోనే మళ్లీ నెట్ రాయండి. మీ పేరున వచ్చే జేఆర్‌ఎఫ్ ప్రాజెక్టు ముగిసినా మీతోనే ఉంటుంది, అయిదేళ్లు నడుస్తుంది. అది కూడా అప్పుడప్పుడు ఆలస్యమవుతుంది, కానీ ఒక ప్రయోగశాల తలరాతతో ముడిపడి ఉండదు. వయోపరిమితి ఉంటుంది, వాయిదా వేయకండి.

చేరేముందు ఆ ఆచార్యులను అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. నేనైతే అడిగిన విద్యార్థిని ఎక్కువ గౌరవిస్తాను. ప్రాజెక్టు ఇప్పుడు ఎన్నో ఏడాదిలో ఉంది, గత వాయిదా ఏ నెలలో వచ్చింది? యూసీ పంపారా? డబ్బు ఆగినప్పుడు విశ్వవిద్యాలయం అడ్వాన్సు ఇస్తుందా, ఇంతకుముందు ఎప్పుడైనా ఇచ్చిందా? ప్రయోగశాలలో ఇంకో ప్రాజెక్టు నడుస్తోందా? ఆయన దగ్గర ఇప్పుడు ఉన్న విద్యార్థితో విడిగా టీ తాగి, గత ఏడాది జీతం ఎన్ని నెలలు ఆలస్యమైందో కనుక్కోండి. ఆచార్యులు చెప్పిన దానికీ అతను చెప్పిన దానికీ పొంతన ఉంటే ధైర్యంగా చేరవచ్చు.

చేరాక ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు చేతిలో ఆరు నెలల ఖర్చు ఉండేలా చూసుకోండి. పాత వాయిదా అయిపోయి కొత్తది రాని ఎండకాలం అది. ఖరీదైన దిగుమతి రసాయనాలతో చేసే ప్రయోగాలను డబ్బు చేతిలో ఉన్న నెలల్లోకి తెచ్చుకుని, కంప్యూటర్ మీద చేసే విశ్లేషణ, వ్యాసం రాయడం ఆ ఆరు నెలలకు అట్టే పెట్టుకోండి. మీ నియామక పత్రం, హాజరు పట్టిక నకళ్లు ప్రతి నెలా దాచుకోండి. డబ్బు వచ్చిన రోజున బకాయి జీతం లెక్క తేలేది వాటి మీదే. ప్రాజెక్టు ఏ సంస్థ ఇచ్చిందో, ఎన్నో ఏడాదిలో ఉందో మీరు రాయలేదు. ఆ రెండూ రాస్తే, రెండో వాయిదా ఎప్పటికి రావచ్చో నా అంచనా చెబుతాను.